మా జిల్లాకొచ్చిన సముద్రం

2022 ఏప్రిల్ 4న మా తిరుపతి వాళ్లకు సముద్రం వచ్చింది. అల రాలేదు, జీవో వచ్చింది. పాత చిత్తూరు జిల్లా ముక్కకు నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట వైపు ఊళ్లు కలిపి కొత్త జిల్లా చేశారు. చెరువు నిండితేనే సంబరపడే మాకు తూపిలిపాళెం బీచి, పులికాట్ సరస్సు ఒక్క రోజులో సొంతమైపోయాయి. చిత్తూరులో ఉన్న మా బంధువులకు ఆ యోగం లేదు. ఆ కడుపుమంట పెళ్లిళ్లలో ఇప్పటికీ బయటపడుతుంటుంది.

సముద్రంతో మా చుట్టరికం మాత్రం పాతదే. శ్రీకాళహస్తి గుడి పక్కన ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనబడే స్వర్ణముఖి, వాకాడు దాటి కలిసేది ఈ సముద్రంలోనే.

తూపిలిపాళేనికి గూడూరు, కోట, వాకాడు మీదుగా పొద్దున్నే పోవాలి. ఎండెక్కితే కనిపించేది జనమే. పొద్దున అయితే ఫైబర్ బోట్లు ఒడ్డు చేరుతుంటాయి. కట్టుమరాల కాలం దాదాపు పోయింది. వల దించి ఇసుకలో పరిచి ఒక్కొక్క చేపనే విడిపిస్తారు. వల కన్నులో చిన్న చేప దూరిపోతుంది, మరీ పెద్దది దూరలేదు, సరిపడ్డది తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. అందుకే కానాగంతలకో వల, వంజరానికో వల. పీత దగ్గర మాత్రం ఎంత చెయ్యి తిరిగినవాళ్లయినా నిదానిస్తారు. వెనక నుంచి డిప్పను అదిమిపట్టి, ముందు కొండీల సంగతి తేల్చాకే తక్కిన కాళ్ల జోలికి పోతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ సందడి ఉండదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని తూర్పు తీరమంతా మరబోట్ల వేట ఆపేస్తారు.

చలికాలం చివర్లో రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొస్తాయి. తల్లి వెనక కాళ్లతో మూరెడు గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. ఆపైన బాధ్యత ఇసుకదే. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. తాబేలుకు గాలి పీల్చక తప్పదు కాబట్టి ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. బీచిలో కళేబరం కనబడితే సెల్ఫీ తీసుకునేవాళ్లను చూశాను. ఫోను ఎటూ చేతిలోనే ఉంది కదా, అటవీ శాఖ వాళ్లకు ఒక మాట చెప్పొచ్చు.

ఫ్లెమింగోల కోసం పులికాట్ పోయేవాళ్లు పక్షుల్నే చూసొస్తారు. నేనైతే సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం సంగతి అడగమంటాను. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్ల పెరిగేది సరస్సులో. మధ్యలో దారి ఇసుకతో పూడిపోతే ఉప్పునీరు లోపలికి రాదు, దాంతో పిల్లా రాదు. రాయదొరువు దగ్గర పూడిక తీయమని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నది ఇందుకే. చిల్కా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మనదేనని గొప్పలు చెప్పుకోవడం కన్నా ఆ పూడిక తీయడం ముఖ్యం.

ఇక స్నానం. తూపిలిపాళెంలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా పిల్లల్ని ఆపాడు. "అల విరగని చోట దిగబాకండి నాయనా, లోపలికి లాగేది ఆడే." నురగ లేకుండా నున్నగా కనబడే చోటే ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పరుగెత్తే దారి. అందులో పడ్డాక ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోతాం. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు మళ్లాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు. మా వైపు నుంచి వెళ్లేవాళ్లలో వాళ్లే ఎక్కువ.