తొలకరి పచ్చికలో చిటుక రోగం: బలిసిన పిల్లలే ఎందుకు చనిపోతాయి?

అనంతపురం మెట్ట ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. వేరుశనగ చేతికి రాని ఏడు కూడా చాలా ఇళ్లను నడిపించేది గొర్రెల మందే. వేసవంతా ఎండుగడ్డి, వేరుశనగ కట్టె తిని నెట్టుకొచ్చిన మంద, తొలకరి పడగానే లేత పచ్చికను ఆబగా మేస్తుంది. సరిగ్గా అప్పుడే, సాయంత్రం దాకా బాగున్న పిల్ల తెల్లారేసరికి దొడ్డిలో చచ్చి పడి ఉంటుంది. అదీ బక్కది కాదు, మందలో బాగా బలిసినది. చాలాసార్లు దీనికి కారణం చిటుక రోగం. ఇది మొదలయ్యేది గొర్రె చిన్నపేగులో. ఆ పేగు ఎలా పనిచేస్తుందో తెలిస్తే, టీకా ఎందుకు వానకు ముందే వేయించాలో అర్థమవుతుంది.

చిన్నపేగు గోడ ఎలా ఉంటుంది?

పెద్ద గొర్రె చిన్నపేగును సాగదీసి పరిస్తే సుమారు 25 మీటర్లు, అంటే 80 అడుగుల పొడవుంటుంది. దాని లోపలి గోడను మైక్రోస్కోపు కింద చూస్తే ఒత్తుగా మొలిచిన నారుమడిలా కనిపిస్తుంది. ఆ సన్నని మొలకలనే చూషకాలు అంటారు. ఒక్కొక్కటి సాధారణంగా మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. చూషకం మీద ఉండే ప్రతి కణానికీ అంతకన్నా సన్నని నూగు ఉంటుంది. దీనివల్ల మేత సారాన్ని పీల్చుకునే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ప్రతి చూషకం లోపల సన్నని రక్తనాళాలు ఉంటాయి. మాంసకృత్తులు, పిండి పదార్థాలు అరిగి వచ్చిన సారం వీటి ద్వారా రక్తంలో కలుస్తుంది. కొవ్వు మాత్రం పక్కనే ఉన్న శోషరస నాళం గుండా పోతుంది. గోడలోని మరికొన్ని కణాలు జిగురును స్రవించి పేగును కాపాడతాయి. చూషకాల మొదట్లో ఉన్న గుంటల్లో కొత్త కణాలు పుడుతూ పైకి జరుగుతుంటాయి. పాత కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోతాయి.

ముఖ్యంగా గమనించాల్సింది ఒకటుంది. పేగులోని మేతకూ గొర్రె రక్తానికీ మధ్య అడ్డుగా ఉన్న పొర ఒకే ఒక్క వరుస కణాలు. ఆ కణాల మధ్య అతుకులు బిగుతుగా ఉన్నంతవరకే గొర్రెకు రక్షణ.

రోగం ఎలా వస్తుంది?

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం సూక్ష్మజీవులు ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగులో కూడా కొద్దిగా ఉంటాయి. మామూలు మేత మేసినంతకాలం వాటివల్ల హాని లేదు. ఒక్కసారిగా లేత పచ్చికగానీ, గింజలుగానీ ఎక్కువగా తింటే పెద్ద పొట్టలో పూర్తిగా అరగని పిండి పదార్థం చిన్నపేగులోకి జారుతుంది. దాన్ని తిని ఈ సూక్ష్మజీవులు గంటల్లోనే విపరీతంగా పెరిగి విషాన్ని వదులుతాయి. మేతను అరిగించే ట్రిప్సిన్ అనే రసమే ఈ విషానికి పదును పెడుతుంది. అప్పుడు విషం పేగు గోడను దాటి రక్తంలో కలిసి మెదడును, ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

అందరికన్నా ఎక్కువ మేసే పిల్లకే ఎక్కువ ముప్పు. బలిసినవే ముందు పోవడానికి కారణం ఇదే.

లక్షణాలు

చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించకముందే చనిపోతాయి. కొన్ని తూలుతూ నడిచి కింద పడతాయి, తల వెనక్కి విరుస్తాయి, కాళ్లు కొట్టుకుంటాయి. కొన్నింటిలో పారుడు కూడా ఉంటుంది. లక్షణాలు కనిపించాక వైద్యం ఫలించడం అరుదు. అందుకే నివారణ ఒక్కటే మార్గం.

రైతులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

• మే నెలలో, తొలకరికి ముందే మంద మొత్తానికి టీకా వేయించాలి. టీకా బలం రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వాన పడ్డాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది.
• మొదటిసారి వేయించే పిల్లలకు రెండు, మూడు వారాల తర్వాత రెండో మోతాదు తప్పనిసరి. ఆ తర్వాత ఏటా ఒకసారి వేయించాలి. మోతాదు సీసాపై ఉన్న ప్రకారమే ఉండాలి.
• చూడి గొర్రెలకు ఈనడానికి నెల ముందు పశువైద్యుని సలహాతో టీకా వేయిస్తే, జున్నుపాల ద్వారా పిల్లలకు రక్షణ అందుతుంది.
• టీకా మందును ఐసు పెట్టెలోనే తేవాలి. ఎండ తగిలిన మందు పనిచేయదు.
• వాన పడిన మొదటి రోజుల్లో ఉదయం ఎండుమేత పెట్టి, తర్వాత కాసేపే పచ్చికపై మేపాలి. వారం, పది రోజుల్లో సమయాన్ని క్రమంగా పెంచాలి.
• కోసిన చేలలో రాలిన గింజలపై ఆకలిగా ఉన్న మందను ఒక్కసారిగా వదలరాదు. దాణా కూడా కొద్దికొద్దిగానే పెంచాలి.
• పారుడు తగ్గిన పిల్లకు వెంటనే దాణా పెంచరాదు. పేగు గోడ మళ్లీ కట్టుకోవడానికి కొన్ని రోజుల వ్యవధి ఇవ్వాలి.
• హఠాత్తుగా చనిపోయిన గొర్రెను కోయరాదు, తినరాదు, అమ్మరాదు. దొమ్మ రోగం కూడా ఇలాగే చంపుతుంది, అది మనుషులకూ సోకుతుంది. వెంటనే పశువైద్యశాలకు తెలియజేసి, వారు చెప్పిన ప్రకారం పూడ్చాలి.

ఒక పిల్ల చనిపోయిన రోజే మిగతా మందను ఆ పచ్చిక నుంచి తప్పించి ఎండుమేతకు మార్చాలి. పశువైద్యుడు వచ్చేలోగా రైతు చేతిలో ఉన్న పని అదే.