మీకు తెలుసా? పెదవులకు పరుగు, ఒంటికి నిదానం

పాటలో చీర కొంగు గాలిలో నిదానంగా తేలుతుంటుంది, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. ఎలా? సెట్‌లో పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తారు. నటులు ఆ వేగానికే పెదవులు కదుపుతారు, ఆడతారు. కెమెరా సెకనుకు 24కు బదులు 48 ఫ్రేములు తీస్తుంది. దాన్ని మామూలు వేగంతో చూపితే కదలిక సగానికి తగ్గి, పెదవులు అసలు పాటను అందుకుంటాయి. తెరమీద కనిపించే ఆ తీరుబడి వెనకున్న నటుల శ్రమకు చేతులెత్తి మొక్కాలి.

పాటలు తీసి సినిమాకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ ఆర్.ఇ.ఎం. సంగీత బృందానికి తీసిన ‘లూజింగ్ మై రెలిజియన్’కు 1991లో ఎంటీవీ ఉత్తమ వీడియో అవార్డు వచ్చింది. 2000లో ‘ది సెల్’తో ఆయన సినిమా దర్శకుడయ్యారు. మన దగ్గర ఈ దారి ఎక్కువగా డాన్స్ మాస్టర్లది. ప్రభుదేవా మొదట దర్శకత్వం వహించింది తెలుగు సినిమాకే: 2005లో ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’.

ఇలాంటి రంగాల్లో చదవాలనుకునే బిలాస్‌పూర్ తెలుగు పిల్లలకు దగ్గర్లో, కోనిలోని గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ విభాగం ఉంది. పై కిటుకుకు మాత్రం ఫోనే చాలు: రెట్టింపు వేగంతో పాట వినిపిస్తూ 60 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్ యాప్‌లో వేగం సగానికి తగ్గించి, అసలు పాటను జోడించాలి.