ఒక్క హారన్‌తో మొదలై స్టేషన్ దాకా.. రోడ్డు మీద గొడవ పడితే చట్టం ఏం చెబుతోంది? మీరేం చేయాలి?

సాయంత్రం ఆరున్నర. ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరారు. పంజాగుట్ట దగ్గర గ్రీన్ సిగ్నల్ పడింది, కానీ మీ ముందున్న బైక్ కదల్లేదు. మీరు ఒకసారి హారన్ కొట్టారు. 'సిగ్నల్ పడింది, చూసుకో' అన్నది మీ ఉద్దేశం. 'ఏయ్, తప్పుకో' అన్నట్టు అతనికి వినిపించింది. వెనక్కి తిరిగి ఓ చూపు చూశాడు. ఆ చూపు మీకు నచ్చలేదు. దాటి వెళ్తూ అద్దం దించి ఓ మాట అన్నారు. తర్వాతి సిగ్నల్ దగ్గర అతను బైక్ తెచ్చి మీ కారుకు అడ్డంగా పెట్టాడు.

ఇప్పటిదాకా ఏ బండికీ గీత పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వచ్చే రెండు నిమిషాల్లో మీరిద్దరూ ఏం చేస్తారన్న దాన్ని బట్టి ఇది రాత్రి భోజనాల దగ్గర చెప్పుకునే కబురుగా మిగిలిపోవచ్చు. ఏళ్ల తరబడి తిరగాల్సిన క్రిమినల్ కేసుగానూ మారొచ్చు. ఇలాంటి గొడవలనే 'రోడ్ రేజ్' అంటున్నాం.

'రోడ్ రేజ్' అనే నేరం చట్టంలో ఉందా?

లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గానీ, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో గానీ ఈ పేరుతో ప్రత్యేక నేరం లేదు. అలాగని చట్టం వదిలేస్తుందని కాదు. ఆ రెండు నిమిషాల్లో మీరు చేసే ఒక్కో పనికీ ఒక్కో సెక్షన్ ఉంది. అడ్డగించడం, తిట్టడం, కొట్టడం, అద్దం పగలగొట్టడం.. ఇవన్నీ వేర్వేరు నేరాలు. ఒకే గొడవలో నాలుగైదు సెక్షన్లు పడేది అందుకే.

అసలు అపార్థం ఎక్కడ మొదలవుతుంది?

రోడ్డు మీద మనకు ఉన్న భాష చాలా చిన్నది. హారన్, లైట్లు, ఇండికేటర్, చేతి సైగ. అంతే. పైగా ఒక్కో సైగకు రెండు మూడు అర్థాలు.

• హెడ్‌లైట్ ఫ్లాష్: చాలా దేశాల్లో దీన్ని 'మీరు ముందు వెళ్లండి' అనే అర్థంలో వాడతారు. మన దగ్గర ఎక్కువమంది 'నేను వస్తున్నా, ఆగు' అనే అర్థంలో కొడతారు. విదేశాల్లో కొన్నేళ్లు కారు నడిపి వచ్చినవారు ఇక్కడ తికమకపడేది ఈ విషయంలోనే.

• లారీ కుడి ఇండికేటర్: హైవే మీద లారీ డ్రైవర్ కుడి ఇండికేటర్ వేస్తే 'ఓవర్‌టేక్ చేసుకో' అని చెబుతుండొచ్చు. నిజంగానే కుడివైపు తిరుగుతుండొచ్చు. తప్పుగా అర్థం చేసుకుంటే గొడవ కాదు, ప్రాణమే పోతుంది.

• నాలుగు ఇండికేటర్లు: బండి ఆగిపోయినప్పుడు వెనకవారిని హెచ్చరించడానికి ఇవి ఉన్నాయి. జంక్షన్‌లో 'నేను నేరుగా వెళ్తున్నా' అని చెప్పడానికి వీటిని వేసేవారు మన దగ్గర చాలామంది. పక్కనుంచి వచ్చే వాళ్లకు ఒకవైపు లైటే కనిపిస్తుంది కాబట్టి బండి తిరుగుతోందని అనుకుంటారు.

• ఆటోలోంచి బయటికి వచ్చే చెయ్యి, కాలు: 'తిరుగుతున్నా' అనా, 'నువ్వు వెళ్లు' అనా? ఆ డ్రైవర్‌కే తెలియాలి.

• హారన్: హెచ్చరికా, విసుగా, తిట్టా? కొట్టిన వాళ్లకు ఒకటి, విన్న వాళ్లకు ఇంకొకటి.

దీనికి మనసు చేసే మాయ తోడవుతుంది. మనం సడెన్‌గా లేన్ మారితే 'గుంత వచ్చింది, ఏం చేయను' అనుకుంటాం. అదే పని ఎదుటివాళ్లు చేస్తే 'పొగరు' అంటాం. మన తప్పుకు కారణం పరిస్థితి, ఎదుటివాళ్ల తప్పుకు కారణం వాళ్ల బుద్ధి. మనుషులందరిలోనూ ఉండే ఈ ధోరణిని సైకాలజిస్టులు ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో జెర్రీ డెఫెన్‌బాకర్ బృందం 1994లో డ్రైవర్ల కోపాన్ని కొలిచే ఒక ప్రశ్నావళిని తయారుచేసింది. అందులో చెయ్యి చూపించడం, నిదానంగా నడపడం, మర్యాద లేకుండా ప్రవర్తించడం వేర్వేరు విభాగాలు. అంటే బండికి బండి తగలక్కర్లేదు. ఒక సైగ చాలు.

ఇంకో సంగతి. అద్దాలు ఎత్తిన కారులో ఉన్న మనిషి మీకు మనిషిలా కనిపించడు, 'ఆ తెల్ల కారు'లా కనిపిస్తాడు. లిఫ్ట్‌లో ఎవరైనా పొరపాటున భుజం తగిలిస్తే 'సారీ అండీ' అని నవ్వేస్తాం. రోడ్డు మీద అదే పొరపాటు చెప్పుకోవడానికి దారి ఉండదు.

ఒక్క దెబ్బ.. 33 ఏళ్ల కేసు

రోడ్డు గొడవ ఎంత దూరం వెళ్తుందో తెలుసుకోవాలంటే మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు చూడాలి. 1988 డిసెంబర్ 27న పంజాబ్‌లోని పటియాలాలో రోడ్డు మధ్యలో నిలిపిన వాహనం దగ్గర వాగ్వాదం మొదలైంది. దారి ఇవ్వమని అడిగింది 65 ఏళ్ల పెద్దాయన. అప్పటికి సిద్ధూ వయసు 25. మాటా మాటా పెరిగి దెబ్బ దాకా వెళ్లింది. ఆ పెద్దాయన చనిపోయారు.

1999లో కింది కోర్టు సిద్ధూను నిర్దోషిగా విడిచిపెట్టింది. 2006లో పంజాబ్, హరియాణా హైకోర్టు మూడేళ్ల జైలుశిక్ష విధించింది. అప్పుడు ఎంపీగా ఉన్న ఆయన పదవికి రాజీనామా చేశారు. 2018 మే నెలలో సుప్రీంకోర్టు ఆ శిక్షను పక్కనపెట్టి, గాయపరిచిన నేరానికి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. బాధిత కుటుంబం రివ్యూ కోరింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు ఏడాది కఠిన కారాగార శిక్ష వేసింది. శరీర దారుఢ్యం ఉన్న క్రీడాకారుడి చెయ్యి కూడా ఆయుధం కాగలదని ఆ తీర్పులో వ్యాఖ్యానించింది. ఆయన పటియాలా జైలు నుంచి 2023 ఏప్రిల్ 1న విడుదలయ్యారు.

ఒక కుటుంబం పెద్ద దిక్కును కోల్పోయింది. కొట్టిన వ్యక్తి 25 ఏళ్ల వయసులో చేసిన పనికి 58 ఏళ్ల వయసులో జైలుకు వెళ్లారు. మొదలైంది మాత్రం 'దారి ఇవ్వండి' అన్న మాట దగ్గర.

ఏ పనికి ఎంత శిక్ష?

భారతీయ న్యాయ సంహిత ప్రకారం:

• బండి అడ్డంపెట్టి కదలనివ్వకపోతే: సెక్షన్ 126(2). నెల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

• గొడవ రేపే ఉద్దేశంతో తిడితే: సెక్షన్ 352. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

• మహిళను కించపరిచేలా మాట అన్నా, సైగ చేసినా: సెక్షన్ 79. మూడేళ్ల వరకు జైలు, జరిమానా.

• చెంపదెబ్బ, తోపులాట లాంటి మామూలు దెబ్బలు: సెక్షన్ 115(2). ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

• తీవ్రమైన గాయం: సెక్షన్ 117(2). ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. 'తీవ్రమైన' అంటే తల పగలాలనేమీ లేదు. ఎముక విరిగినా, పన్ను ఊడినా, 15 రోజులు తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే.

• చంపేస్తానని బెదిరిస్తే: సెక్షన్ 351(3). ఏడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

• బెదిరించి డబ్బు లాక్కుంటే: సెక్షన్ 308(2). ఏడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

• ప్రమాదకరమైన ఆయుధంతో కొడితే సెక్షన్ 118 కింద శిక్ష ఇంకా పెరుగుతుంది. డిక్కీలోంచి రాడ్డో, జాకీ హ్యాండిలో తీసిన క్షణంలోనే కేసు స్వరూపం మారిపోతుందని గుర్తుంచుకోండి.

కోపంతో బండిని ఎదుటివాళ్ల మీదికి పోనిస్తే మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 184 కూడా వర్తించొచ్చు. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. లైసెన్సుకూ ఎసరు రావొచ్చు.

శిక్ష పడకపోయినా ఇబ్బంది తప్పదు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు దగ్గర చిక్కు వస్తుంది. ఉద్యోగానికో, వీసాకో పోలీస్ వెరిఫికేషన్ అడిగినప్పుడు ఆ కేసు బయటికి వస్తుంది.

ఎదుటివాళ్లు దిగి వస్తుంటే ఏం చేయాలి?

• మీరు కారులో ఉంటే దిగకండి. అద్దాలు ఎత్తి, తలుపులు లాక్ చేయండి. చట్టప్రకారం మీరు దిగి సమాధానం చెప్పాల్సిన పనేమీ లేదు.

• కళ్లలో కళ్లు పెట్టి చూడకండి. చెయ్యి ఎత్తి 'సారీ అన్నా' అనండి. తప్పు మీది కాకపోయినా సరే. చాలా గొడవలు ఆ ఒక్క మాటతో ఆగిపోతాయి. ఆ సారీ కోర్టులో నేరం ఒప్పుకున్నట్టు కాదు.

• దారి ఉంటే నిదానంగా ముందుకు కదలండి. వెంబడిస్తుంటే ఇంటికి మాత్రం వెళ్లకండి. మీ ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలిసిపోతుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, జనం ఉన్న పెట్రోల్ బంకుకో వెళ్లండి.

• 112కు ఫోన్ చేయండి. 100కు చేసినా పోలీసులు పలుకుతారు. ఎక్కడున్నారో చెప్పడానికి ఫ్లైఓవర్ పిల్లర్ నంబరో, షాపు బోర్డో చూసి చెప్పండి.

• బైక్ మీద ఉంటే హెల్మెట్ తీయకండి. తోపులాటలో కిందపడితే తలకు అదే రక్ష.

• వీడియో తీస్తే దూరం నుంచి, వీలైతే కారులోంచే తీయండి. మొహం మీద ఫోన్ పెట్టి 'నీ సంగతి చూస్తా' అంటే మంట మీద పెట్రోల్ పోసినట్టే.

మీపై దాడి జరిగితే కాపాడుకునే హక్కు చట్టం ఇచ్చింది. కానీ అవసరానికి మించి కొట్టే హక్కు ఇవ్వలేదు. అతను వెనక్కి తగ్గాక వెంటపడి కొట్టే దెబ్బ ఆత్మరక్షణ కాదు, కొత్త నేరం.

ప్రమాదం చేసింది మీరే అయితే?

గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత. కానీ గుమిగూడిన జనం కొట్టేలా ఉంటే? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ఈ పరిస్థితిని ముందే ఊహించింది. మూకల ఆగ్రహం వల్ల అక్కడ ఉండటం కుదరకపోతే మినహాయింపు ఉంది. అయితే అది పారిపోవడానికి లైసెన్సు కాదు. 108కి ఫోన్ చేయండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు వెళ్లి జరిగింది చెప్పండి. ఎందుకు ఆగలేకపోయారో కూడా చెప్పాలి.

ఫిర్యాదు ఎలా చేయాలి?

ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, మీకు దగ్గర్లోని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. 'మా పరిధి కాదు' అని వెనక్కి పంపకూడదు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఒక చిక్కు ఉంది. తిట్లు, మామూలు దెబ్బలు మాత్రమే ఉంటే వాటిని పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. స్టేషన్ డైరీలో రాసి మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపుతారు. అందుకే ఫిర్యాదులో 'కొట్టారు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, బండి అడ్డంపెట్టారా, డబ్బు డిమాండ్ చేశారా, చేతిలో ఏమైనా ఉందా.. జరిగింది జరిగినట్టు, వరుసగా రాయండి. లేనిది మాత్రం కలపకండి. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోతే పైఅధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు.

దెబ్బలు తగిలితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, గొడవలో తగిలాయని డాక్టర్‌కు చెప్పండి. కేసులో వూండ్ సర్టిఫికెట్ కీలకం. డ్యాష్‌క్యామ్ ఉంటే ఒరిజినల్ మెమరీ కార్డు తీసి దాచండి. వాట్సాప్‌లో పంపిన క్లిప్ దానికి సాటి రాదు. అద్దం పగిలితే, కాంప్రహెన్సివ్ పాలసీలో కావాలని చేసిన నష్టానికీ సాధారణంగా కవరేజీ ఉంటుంది. ఫిర్యాదు కాపీ జతచేసి క్లెయిమ్ చేసుకోండి.

'ఇక్కడే సెటిల్ చేద్దాం' అంటే?

చిన్న గీతకు ఇద్దరూ ఇష్టపడి మాట్లాడుకుంటే తప్పు లేదు. కానీ నలుగురు చుట్టుముట్టి 'ఇప్పుడే ఫోన్‌పే చెయ్' అంటే అది సెటిల్‌మెంట్ కాదు. ప్రాణం ముఖ్యం కాబట్టి ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. ఆ ట్రాన్సాక్షన్ వివరాలే తర్వాత మీకు సాక్ష్యం. కేసు పెట్టాక కూడా చిన్న దెబ్బల కేసుల్లో రాజీకి చట్టం వీలు కల్పిస్తోంది.

చివరిగా, మళ్లీ ఆ సిగ్నల్ దగ్గరికి వద్దాం. ముందున్న బైక్ ఎందుకు కదల్లేదో మీకు తెలియదు. ఇంజిన్ ఆగిపోయి ఉండొచ్చు. డెలివరీ కుర్రాడు అడ్రస్ వెతుక్కుంటూ ఉండొచ్చు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చి ఉండొచ్చు. మీకు పోయేది నాలుగు సెకన్లు. ఇంటికి ఓ సిగ్నల్ ఆలస్యంగా వెళ్లినా ఫర్వాలేదు.