థ్రాటిల్ సెన్సార్ మార్చే ముందు మల్టీమీటర్‌తో ఈ మూడు వైర్లు చూడండి

అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, ఎక్సలరేటర్ తొక్కితే బండి ఒక్క సెకను ఆలోచించి, తర్వాత ఎగిరినట్టు పోతాంది." మా షెడ్డుకు వచ్చేవాళ్లు తరచూ చెప్పే కంప్లైంట్ ఇది. వెంటనే పక్కనోళ్లు "థ్రాటిల్ సెన్సార్ మార్చెయ్" అంటారు. మారుస్తారు, డబ్బులు పోతాయి, జబ్బు మాత్రం అట్లే ఉంటుంది. అందుకే ఈరోజు మార్చడం గురించి కాదు, కొలవడం గురించి మాట్లాడుకుందాం.

అసలు ఇదేం చేస్తుంది? ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో ఒక చిన్న తలుపు ఉంటుంది. అది ఎంత తెరుచుకుందో కారు కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు చెప్పేదే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్. పాత రేడియో వాల్యూమ్ బటన్ గుర్తుందా? లోపల పట్టీ అరిగిపోతే తిప్పినప్పుడు గరగరమంటుంది. పాత పెట్రోల్ కార్లలో ఈ సెన్సార్ కూడా అట్లాంటిదే. పెడల్ ఎక్కువసేపు ఉండేది ఐడిల్ దగ్గర, కొంచెం తొక్కిన దగ్గర. కాబట్టి పట్టీ ముందు అక్కడే అరుగుతుంది.

మీటర్ తీసే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మాది ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. రామగిరి కొండల మీద గాలిమరలు జోరుగా తిరిగే కాలంలో చేలల్లోని ఎర్రమట్టి రోడ్డు మీదే ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, థ్రాటిల్ బాడీలో మసి పేరుకున్నా బండి ఇట్లే తడబడుతుంది. ముందు ఆ రెండూ శుభ్రం చేయండి.

ఇప్పుడు మీటర్. కొన్ని వందల రూపాయలకు వచ్చే డిజిటల్ మీటర్ చాలు. నాబ్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎర్ర వైరు వోల్టుల సాకెట్లోనే ఉండాలి. 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి కొలిస్తే షార్ట్ అవుతుంది, జాగ్రత్త. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టండి. సెన్సార్ కనెక్టర్‌ను ఊడదీయకుండా, వెనక వైపు నుంచి సన్నని గుండుసూది దూర్చి దానికి ఎర్ర వైరు ఆనించండి. సూదులు ఒకదానికొకటి తగలకూడదు. వైరు తొడుగును మాత్రం పొడవొద్దు. ఆ రంధ్రంలో తేమ చేరితే లోపల తీగకు చిలుము పడుతుంది.

మామూలుగా మూడు వైర్లుంటాయి. రంగులు ఒక్కో బండికి ఒక్కో రకం, కాబట్టి రంగును నమ్మొద్దు, రీడింగ్‌ను నమ్మండి.

ఒకటి, కరెంటు వచ్చే వైరు. సుమారు 5 వోల్టులు ఉండాలి. లేకపోతే ముందు వైరింగ్, తర్వాత ఈసీయూ వైపు చూడాలి. కొత్త సెన్సార్ వేసినా లాభం లేదు.

రెండు, గ్రౌండ్ వైరు. దాదాపు సున్నా ఉండాలి. 0.1 వోల్టు దాటితే అనుమానించండి.

మూడు, సిగ్నల్ వైరు. పెడల్ వదిలినప్పుడు సుమారు 0.5, పూర్తిగా తొక్కితే 4 నుంచి 4.5 వోల్టుల దాకా రావాలి. కచ్చితమైన అంకెలు మీ బండి మాన్యువల్‌లో ఉంటాయి. అసలు చూడాల్సింది మధ్యలో. పెడల్‌ను చాలా నిదానంగా తొక్కించండి. అంకె మెట్టు మెట్టుగా పెరగాలి. మధ్యలో హఠాత్తుగా సున్నాకు పడినా, ఎగిరినా సెన్సార్ పట్టీ అరిగినట్టే. చవక మీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, గబగబా తొక్కితే ఆ గుంత దొరకదు. ఫోన్‌తో మీటర్‌ను వీడియో తీసి, మళ్లీ స్లోగా చూసుకోండి. కంటికి దొరకనిది వీడియోలో దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చెప్తా. ధర్మవరం వైపు నుంచి ఒక తమ్ముడు బాడుగకు తిప్పే పాత పెట్రోల్ కారు తెచ్చినాడు. అప్పటికే సెన్సార్ ఒకసారి మార్పించినాడు. బండి బాగుపడలేదు, బాడుగలు తప్పిపోతున్నాయి. కొలిస్తే 5 వోల్టులు సరిగ్గా ఉన్నాయి. గ్రౌండ్ మాత్రం 0.6 చూపించింది. పెడల్ తొక్కకుండానే సిగ్నల్ 1 వోల్టు దాటింది. అంటే ఎవరూ తొక్కకున్నా, తొక్కినారని ఈసీయూ అనుకుంటాంది. వెతికితే గ్రౌండ్ వైరు ఒక బ్రాకెట్‌కు రాసుకొని, లోపల తీగ సగం తెగి పచ్చగా చిలుము పట్టి ఉంది. జానెడు వైరు, ఇంత సోల్డర్, పని అయిపోయింది. పాత సెన్సార్ పారేయకుండా ఉండుంటే అదే పనికొచ్చేది.

రెండు హెచ్చరికలు. పెడల్‌కు కేబుల్ లేని కొత్త కార్లలో థ్రాటిల్‌ను మోటారే తిప్పుతుంది. అందులో వేలు పెట్టి తిప్పొద్దు. సిగ్నల్ వైర్లు కూడా రెండు ఉంటాయి, స్కానర్‌తో చూడటం మేలు. కామన్ రైల్ డీజిల్ బండి అయితే, పెడల్ దగ్గరుండే సెన్సార్‌ను అనుమానించాలి. స్కానర్లో పీ0122 వస్తే సిగ్నల్ తక్కువని, పీ0123 వస్తే ఎక్కువని అర్థం. సెన్సార్ పోయిందని కాదు. వైరు తెగినా అవే కోడ్‌లు వస్తాయి.

ఇంకో మాట. బండి ఇట్లా తడబడుతుంటే బెంగళూరు హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేయొద్దు. పికప్ కావాల్సిన ఆ ఒక్క సెకనులోనే అది చేతులెత్తేస్తుంది. ముందు కొలవండి, రీడింగులు రాసుకోండి, మెకానిక్ అన్నకు చూపించండి. అప్పుడు ఏం మార్చాలో మీరే అడగగలరు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.