గచ్చపొద

అయిదు గులకరాళ్ళతో ఆడినను ఆ ఆటకు గచ్చకాయలాట యనియే పేరు. గింజ నెరిగిన బాలలు తీగ నెరుగరు. ఇనుపముండ్ల కంచెలు వచ్చిన పిదప పొదలును నరుకబడుచున్నవి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అడవి అంచులలో ఈ మ్రానితీగ పెనగొనియుండును. కొమ్మలకే కాదు, ఆకు ఈనెల అడుగునను కొక్కెపుముండ్లు! శీకాయతీగ యని భ్రమపడుదురు. కాని శీకాయ ఆకు చింతాకువలె సన్నము, కాయకు ముండ్లుండవు. గచ్చాకు వెడల్పు, పూలు పసుపు, కాయయే ముండ్లబంతి. లోన బూడిదరంగు గింజలు ఒకటి రెండుండును.

గింజను ఊరక నాటిన త్వరగా మొలవదు. పెంకు నీటిని చొరనీయదు. అందుచేతనే అది కడలిపై తేలి స్కాట్లాండు తీరమును సైతము చేరినది. అచ్చట పూర్వము దానిని తాయెత్తుగా కట్టుకొనెడివారు. ఒక అంచును గరుకురాతిపై అరగదీసి (వేడెక్కిన గింజతో చురుకు పెట్టుట బడిపిల్ల లెరుగనిది కాదు), లోపొర కనబడగనే ఆపి, రాత్రి నానవేసి తొలకరిలో నాటవలెను. ఎదిగిన కంచెలో మేక దూరదు. బడిత్రోవ ప్రక్కన మాత్రము నాటరాదు, చొక్కాలు దక్కవు.