‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ఏం రాయాలి?

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాళ్లు చివర్లో తరచూ రాసే వాక్యం ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’. మన ఉత్తరాల్లో ఇది రెండు చోట్ల తప్పుతుంటుంది. కొందరు ‘టు’ బదులు ‘ఫర్’ పెడతారు. కొందరు ‘హియరింగ్’ అనకుండా ‘హియర్’ దగ్గరే ఆగుతారు. రెండింటికీ కారణాలున్నాయి, తెలిస్తే మళ్లీ తడబడరు.

‘ఫర్’ ఎందుకొస్తుంది? మనం జవాబు ‘కోసం’ ఎదురుచూస్తాం కాబట్టి. ‘వెయిట్ ఫర్’ కూడా మనసులో మెదులుతుంది. కానీ ‘లుక్ ఫార్వర్డ్’లో ఉన్నది ముందుకు సాగే చూపు. అది ఎటు వెళ్తోందో చెప్పేది ‘టు’.

‘హియర్’ సంగతి ఇంకాస్త లోతైనది. ‘టు’ తర్వాత క్రియ మొదటి రూపమే రావాలని బడిలో నేర్చుకున్నాం. ‘ఐ వాంట్ టు గో’ లాంటి వాక్యాలకు అది సరైన సూత్రమే. అయితే ఇంగ్లిష్‌లో ఇంకో ‘టు’ ఉంది, అది ప్రిపొజిషన్. ‘హైదరాబాద్‌కు’ అన్నప్పుడు మన ‘కు’ చేసే పనే దానిదీ. దాని తర్వాత పేరులాంటి మాటే రావాలి. తెలుగులోనూ ‘వెళ్లు’ అనే క్రియకు నేరుగా ‘కి’ తగిలించలేం కదా! ముందు ‘వెళ్లడం’ చేసి, ఆపైన ‘వెళ్లడానికి’ అంటాం. ‘హియర్’ను ‘హియరింగ్’ చేయడం సరిగ్గా ఇదే. ఈ పోలిక బడిలోనే చెబితే ఎంత బాగుండునో!

ఏ ‘టు’ ఏదో ఎలా తెలుస్తుంది? తర్వాతి మాట తీసేసి ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలబడుతుంది, అంటే ‘ఇంగ్’ కావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’ నిలబడదు, అంటే మొదటి రూపం చాలు. చాలామందిని తికమక పెట్టే ‘యూజ్డ్ టు’ కూడా దీంతో తేలిపోతుంది. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ కుదురుతుంది కాబట్టి ‘ఐ యామ్ యూజ్డ్ టు డ్రింకింగ్ టీ’, అంటే టీ అలవాటైంది. ‘ఐ యూజ్డ్ టు ఇట్’ కుదరదు కాబట్టి ‘ఐ యూజ్డ్ టు డ్రింక్ టీ’, అంటే ఒకప్పుడు తాగేవాణ్ని. ‘అబ్జెక్ట్ టు’, ‘ఇన్ అడిషన్ టు’ కూడా ‘ఇంగ్’ జట్టులోవే. ఇంగ్లిష్ వాళ్లూ ఒకప్పుడు ఇక్కడ ఊగిసలాడారు. ‘అకస్టమ్డ్ టు’ తర్వాత మొదటి రూపం రాయడం 19వ శతాబ్దంలో మామూలే, ‘ఇంగ్’ స్థిరపడింది ఆ తర్వాతే.

‘ఐ’ లేకుండా ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ అని రాసి కామా పెట్టడం పాత ఉత్తరాల వాసన. అప్పట్లో దాని వెంట ‘ఐ రిమైన్, యువర్స్ సిన్సియర్లీ’ అని వచ్చి వాక్యం పూర్తయ్యేది. ఇప్పుడు ఆ తోక రాయడం లేదు కాబట్టి ‘ఐ లుక్ ఫార్వర్డ్’ అని మొదలుపెట్టి ఫుల్‌స్టాప్ పెట్టడమే మేలు. స్నేహితులకైతే ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ చనువుగా ఉంటుంది.

ఈ మాటలో సంతోషంగా ఎదురుచూడటం అనే అర్థం ఉంది. కాబట్టి మిత్రుడి తండ్రిగారి దశదినకర్మకు వస్తున్నానని రాసేటప్పుడు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ’ వద్దు. అక్కడ ‘ఐ విల్ బి దేర్’ చాలు.