ముద్దాయి అంటే దొంగ కాదు

"మావోడు డిశ్చార్జి అయిపోనాడు కద బాబూ, మళ్లీ ఈ వారెంటేటి?"

టెక్కలి కోర్టు ఆవరణలో ఆమె నా చేతిలో పెట్టిన కాగితం మీద ఎన్‌బీడబ్ల్యూ అని ఉంది. నాన్ బెయిలబుల్ వారెంటు. ఆమెది ఉద్దానంలో ఓ పల్లె. పలాసలో జీడిపప్పు ఏరే పని. 80 కిలోల జీడిపిక్కల బస్తా ఎత్తుకుపోయాడని కిందటేడు కొడుకు మీద కేసు పెట్టారు. అంపోలు జైల్లో పందొమ్మిది రోజులుండి బెయిలు మీద వచ్చాడు. ఇంటికి పంపేశారంటే కేసు పోయినట్టేనని తల్లీకొడుకులు అనుకున్నారు. కుర్రాడు చెన్నై పనికి వెళ్లిపోయాడు. రెండు వాయిదాలు తప్పాయి.

ఇరవై ఆరేళ్లుగా వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నాను. నేరం చేసి చెడిపోయినవాళ్లను చూశాను, ఒక్క ఇంగ్లీషు మాట అర్థంకాక చెడిపోయినవాళ్లనూ చూశాను. ఈ రెండోవాళ్లను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

డిశ్చార్జి అన్న మాట ఆమెకు ఆస్పత్రిలో అబ్బింది. ఉద్దానంలో చాలా ఇళ్లలాగే ఆ ఇంట్లోనూ కిడ్నీ రోగముంది, భర్తకు డయాలసిస్. కోర్టులోనూ డిశ్చార్జి ఉంది గానీ దాని అర్థం వేరు. ఆధారాలు చాలవని, విచారణ మొదలవకముందే జడ్జిగారు మనిషిని కేసులోంచి తప్పించడం. విచారణ అంతా జరిగి నేరం రుజువు కాలేదని వదిలేస్తే అక్విటల్, కేసు కొట్టేయడం. బెయిలు ఈ రెండూ కాదు.

"మీ ఆయన డయాలసిస్ చేయించుకుని ఇంటికొస్తాడు కదమ్మా, రోగం పోయినట్టా?"

"ఎక్కడ పోద్ది బాబూ, మళ్లీ ఎల్లాల కదా."

"బెయిలూ అంతే. పిలిచినప్పుడల్లా వచ్చి నిలబడాలి."

ఆమెకు అర్థమైంది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది: "అయితే మావోడు దొంగేనేటి?"

ఊళ్లో ఎవరో ఆమెతో ఆ మాట అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఆమె చేతిలో పనే చెబుతుంది. మిల్లులో అంతా ఒకే పప్పా అని అడిగాను. "రెండొందల నలభై వేరు, మూడొందల ఇరవై వేరు, బద్ద వేరు, ముక్క వేరు. కలిపేస్తే ఊరుకుంటారేటి" అంది. మూడొందల ఇరవై అంటే పౌండుకు 320 దాకా తూగే గుండు పప్పు. ఆ ఇంగ్లీషు రకాలను కంటితో చూసి వేరుచేసే మనిషికి కోర్టు రకాలు అందకపోవడమేమిటి?

పోలీసులకు ఒట్టి అనుమానమే ఉంటే సస్పెక్టు. కేసులో పేరెక్కితే అక్యూజ్డ్, మనం ముద్దాయి అంటాం, పేపర్లు నిందితుడు అంటాయి. ఏ1, ఏ2 అని అంకె వేసేది ఇతనికే. తీర్పు రాకుండా జైల్లో ఉంటే అండర్ ట్రయల్. నేరం చేశాడని కోర్టు తేల్చాకే కన్విక్టు, దోషి. రిమాండు శిక్ష కాదు, విచారణ కోసం జైల్లో ఉంచడం మాత్రమే. మన దేశపు జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇలా తీర్పు రానివాళ్లే. వాళ్లందరినీ ఊళ్లో జనం మాత్రం ఖైదీలనే అంటారు.

మన కోర్టు మాటలకూ దూరప్రయాణాల చరిత్ర ఉంది. పారసీలో ఫర్యాద్ అంటే ఆపదలో పెట్టే కేక, మనకు ఫిర్యాదు అయింది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి ఎదుటి పక్షానికి మారి, నింద మోసేవాడి పేరయింది. సంస్కృతంలో శిక్ష అంటే చదువు చెప్పడం. మన దగ్గర శిక్షణ ఆ అర్థం నిలబెట్టుకుంది, శిక్ష జైలుకు పోయింది.

ముద్దాయి అనగానే దొంగ అనేసేవాళ్లకు నేను సోంపేట, కాకరాపల్లి గుర్తుచేస్తాను. 2010 జులై 14న సోంపేటలో బీల అనే చిత్తడి నేల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు మాకొద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. పొలం కోసం, చేపల కోసం రోడ్డెక్కిన రైతులు, మత్స్యకారులు కూడా కాగితాల్లో అక్యూజ్డే. ఐదుగురు, ఆ పైన, చట్టం ఒప్పుకోని పనికి గుమిగూడితే అన్‌లాఫుల్ అసెంబ్లీ అంటారు. ఆ మాట కింద ఊరికి ఊరే పడుతుంది.

ఈ మెట్లేవీ లేకుండా మనిషి కథ ముగించిన మాటనూ మా శ్రీకాకుళం జిల్లా చూసింది. ఎన్‌కౌంటర్ అంటే ఇంగ్లీషులో ఎదురుపడటం. 1969 డిసెంబరులో బొడ్డపాడు గుడి పూజారి, కవి సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడు పోలీసులు ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని కాల్చేశారని వాళ్లతోపాటు నక్సలైటు ఉద్యమంలో ఉన్నవాళ్లన్నారు. వాళ్ల దారిని ఎవరెలా చూసినా, విచారణ, వాదన, తీర్పు అనే మూడూ వాళ్లకు దక్కలేదు. ఇవాళ మన పిల్లలు ఆటలో కూడా ఆ మాట వాడుతుంటే నాకు మనసు ఒప్పదు.

ఆ కుర్రాడి విషయానికొస్తే, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 5 వేల రూపాయల లోపు దొంగతనానికి, మొదటిసారి తప్పు చేసి సొత్తు తిరిగి ఇచ్చేస్తే, సమాజ సేవ శిక్షగా వేస్తారు. జీడిపిక్కల బస్తా ధర ఆ గీత దాటిపోయింది. అయినా ముందు నేరం రుజువు కావాలి కదా.

చెన్నై నుంచి పిలిపించాం. వారెంటు వెనక్కి తీసుకోమని పిటిషన్ వేశాం, జడ్జిగారు తీసుకున్నారు. కొత్త వాయిదా తేదీ తెలుగులో రాసిమ్మని ఆమె భర్త డయాలసిస్ పుస్తకం తెరిచి ముందు పెట్టింది. ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజుల కిందే కోర్టు రోజు రాశాను. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి, కొడుకు చేత రెండుసార్లు పైకి చదివించింది.